శనగలతో, రాజ్మాతో వాఫిల్స్: ఒక వాఫిల్ మేకర్‌ను ఎనిమిది వారాలు వాడి రాస్తున్న సమీక్ష

ఉదయపు అల్పాహారానికి మైదా వాఫిల్స్ బదులు ఉడికించిన శనగలతో, రాజ్మాతో, తెల్ల చిక్కుడు గింజలతో వాఫిల్స్ చేసుకోవాలన్న ఒకే ఉద్దేశంతో నేను ఈ వాఫిల్ మేకర్‌ను కొన్నాను. ఎనిమిది వారాలుగా, వారానికి మూడు నాలుగు ఉదయాలు, దీన్ని దాదాపు ఆ పనికే వాడాను. మైదా పిండి పోసింది రెండే రెండుసార్లు, అదీ పోల్చి చూడడం కోసం. అందువల్ల మామూలు వాఫిల్స్ ఇందులో ఎలా వస్తాయో తెలుసుకోగోరేవారికి ఈ సమీక్ష అంతగా ఉపయోగపడదు. గింజల పిండి స్వభావం వేరు. ఆ స్వభావానికి ఈ యంత్రం ఎంతవరకు తట్టుకుంది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నదే నేను గమనించాను.

యంత్రం 1,000 వాట్లది. ఒకేసారి రెండు చతురస్రాకారపు వాఫిల్స్ వస్తాయి. గళ్ళు లోతైనవి. నాన్‌స్టిక్ పూత వేసిన పలకలు యంత్రానికే బిగించి ఉంటాయి, ఊడదీయడానికి వీల్లేదు. వేడి తగ్గించి పెంచుకునేందుకు 1 నుంచి 5 వరకు అంకెలున్న మీట, కరెంటు ఉన్నట్లు తెలిపే ఎర్ర దీపం, వాఫిల్ సిద్ధమైందని తెలిపే పచ్చ దీపం ఉన్నాయి. పలకల చుట్టూ, పొంగిన పిండి కిందికి కారకుండా, వేలు పట్టేంత కాలువ ఉంది. ఇక్కడ చెప్పబోయే గుణదోషాల్లో ఎక్కువ భాగం ఈ తరహా యంత్రాలన్నింటికీ వర్తించేవే కాబట్టి తయారీదారు పేరు ప్రస్తావించడం లేదు.

బీన్స్ అనగానే మనలో చాలామందికి కూరకు తరిగే పచ్చి కాయలే గుర్తుకు వస్తాయి గనుక ముందే ఒక మాట: నేను చెబుతున్నది ఎండు గింజల గురించి. వీటిని వాఫిల్స్‌లోకి తేవడానికి కారణం పోషకాలే. ఉడికించిన కాబూలీ శనగలు 100 గ్రాముల్లో సుమారు 9 గ్రాముల ప్రొటీన్, 7.6 గ్రాముల పీచు, 164 కేలరీలు ఉంటాయి. తెల్ల చిక్కుడు గింజల్లో ప్రొటీన్ ఇంకాస్త ఎక్కువ, ఇనుము కూడా 3.7 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. మైదాలో పీచు 100 గ్రాములకు 3 గ్రాములైనా ఉండదు. అయితే ఈ లెక్కల్లో ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. ఎండు శనగల్లో 100 గ్రాములకు దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది; నానబెట్టి ఉడికిస్తే అవి నీళ్ళు పీల్చుకుని రెండింతలకు పైగా బరువెక్కుతాయి కాబట్టి, అదే తూకానికి ప్రొటీన్ సగానికన్నా తగ్గుతుంది. ఎండు గింజల అంకెను ఉడికించిన గింజలకు అంటగట్టి వాఫిల్‌కు ఇరవై గ్రాముల ప్రొటీన్ అని చెప్పుకోవడం తప్పు.

నా లెక్క ఇది. ఉడికించి నీళ్ళు వార్చిన శనగలు 250 గ్రాములు, గుడ్లు రెండు, పొడిచేసిన ఓట్స్ 60 గ్రాములు, నూనె రెండు టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఉప్పు చిటికెడు, మిక్సీ తిరగడానికి చాలినన్ని నీళ్ళు. దీనితో నాలుగు వాఫిల్స్ వస్తాయి, ఒక్కోదానిలో పది గ్రాములకు కాస్త పైగా ప్రొటీన్, ఆరు గ్రాముల వరకు పీచు ఉంటాయి. ఓట్స్ చేర్చడం పిండి గట్టిపడడానికి మాత్రమే అనుకోనక్కర్లేదు: ఓట్స్ వంటి ధాన్యాల్లో కొరవడే లైసీన్ అనే ఆమైనో ఆమ్లం శనగల్లో సమృద్ధిగా ఉంటుంది, శనగల్లో తక్కువగా ఉండే మిథియోనిన్‌ను ధాన్యం భర్తీ చేస్తుంది. ఒకదాని లోటును మరొకటి పూడ్చుకునే ఈ జోడీ నాకు నచ్చింది.

మొదటి వారం మాత్రం తల ప్రాణం తోకకు వచ్చింది. పచ్చ దీపం వెలగగానే మూత ఎత్తితే వాఫిల్ అడ్డంగా రెండుగా చీలి, సగం పైపలకకు, సగం కిందిపలకకు అంటుకుపోయేది. పిండి మరీ చిక్కగా ఉండడమే కారణమనుకుని మరుసటి రోజు నీళ్ళు పెంచాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, ఆ పూట ముందటి రోజు వచ్చినంత కూడా రాలేదు. గళ్ళలో పేరుకున్న ముద్దను చెక్క పుల్లతో గీకి తీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మూడోనాడు వేడి మీటను 5కు తిప్పితే పైన నల్లబడి లోపల తడిముద్దగానే మిగిలింది. యంత్రాన్ని తిరిగి ఇచ్చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. నిజానికి అప్పటికి తప్పు యంత్రానిదో, పిండిదో, నాదో తేల్చుకోలేకపోయాను.

నాలుగో ప్రయత్నంలో వంటింటి తూకం దగ్గర పెట్టుకుని కూర్చున్నాక విషయం తెలిసింది. 140 గ్రాముల పిండి పోస్తే, సుమారు నాలుగు నిమిషాలకు పచ్చ దీపం వెలిగేసరికి బయటికి తీసిన వాఫిల్ 120 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగింది. ఏడు నిమిషాలు ఉంచినది వంద గ్రాముల దగ్గరికి దిగింది. ఆ తేడా అంతా ఆవిరై పోవలసిన నీరే. మైదా పిండిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ సాగే జాలంలా అల్లుకుని, కాస్త తడి మిగిలినా వాఫిల్‌ను ఒక్క ముక్కగా పట్టి ఉంచుతుంది. శనగల్లో గ్లూటెన్ లేదు. గుడ్డు గట్టిపడి, గింజలోని పిండిపదార్థం మిగతా నీటిని పీల్చుకుని బిగుసుకున్నాకే దానికి నిలబడే బలం వస్తుంది. పైగా ఉడికించిన గింజ తన బరువులో సగానికి పైగా నీటిని లోపల దాచుకునే వస్తుంది, మనం మిక్సీలో పోసే నీళ్ళు దానికి అదనం. ఇంత నీరున్న పిండికి ఎంతసేపు పడుతుందో పచ్చ దీపానికి తెలియదు. అది పలకల వేడిని కొలుస్తుందే తప్ప వాఫిల్ లోపలి తడిని చూడదు. అందుకే దీపం సంగతి మరచిపోయి అంచుల నుంచి వచ్చే ఆవిరిని గమనించడం మొదలుపెట్టాను. మొదటి మూడు నిమిషాలు ఆవిరి బుసబుసా వస్తుంది, ఆరో నిమిషానికి సన్నగిల్లుతుంది, దాదాపు ఆగిపోయాక మూత ఎత్తితే వాఫిల్ తనంతట తానే ఊడివస్తుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అంటుకున్నవి రెండే, ఆ రెండూ నేను తొందరపడ్డవి.

ఈ పరీక్షలో యంత్రానికి నేను మంచి మార్కులే వేస్తాను. ఏడెనిమిది నిమిషాలు ఆగగలిగింది దీని వేడి మీట వల్లే. మీట 3 దగ్గర ఉంచితే పైపొర నెమ్మదిగా ఎర్రబడుతూ లోపలి నీటికి బయటపడే వ్యవధి ఇస్తుంది. వేడి మార్చుకునే వీలు లేని చవక రకం ఇదివరకు ఒకటి వాడాను. అందులో ఎక్కువసేపు ఉంచితే మాడేది, తక్కువసేపు ఉంచితే చీలేది. పలకల బరువు కూడా ఇక్కడ ముఖ్యమే. చల్లని, బరువైన పిండి పడగానే పలచని పలకల వేడి చప్పున పడిపోతుంది, అప్పుడు పిండి వేగదు, ఉడుకుతుంది. పైపొర ఎర్రబడి కమ్మని వాసన రావాలంటే అక్కడి వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి, తడి ఉన్నంతసేపూ ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఈ యంత్రం పలకలు మందంగా ఉండి వేడిని నిలుపుకుంటాయి. రెండో విడత పోసే ముందు మాత్రం రెండు నిమిషాలు ఖాళీగా మూసి ఉంచి తీరాలి.

యంత్రంతో పాటు ఇచ్చిన వంటల పుస్తకం గురించి కాస్త కటువుగానే రాయాలి. అందులో గింజల వాఫిల్ అంటూ ఒకే ఒక్క వంటకం ఉంది: మీకు ఇష్టమైన గింజలను రాత్రంతా నానబెట్టి, పచ్చివే రుబ్బి, పిండిగా పోయమంటుంది. ఏ గింజలో చెప్పదు. ఆ గింజలు ఎర్ర రాజ్మా అయితే ఇది ప్రమాదకరమైన సలహా. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒంటికి పడని ఒక రకం ప్రొటీన్, ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, ఆపైన విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 30 నిమిషాలు తెర్లేలా మరిగించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తుంది. అరకొర వేడి దీనిని అణచదు. దాదాపు 80 డిగ్రీల దగ్గర ఉడికీ ఉడకని రాజ్మాలో విషప్రభావం పచ్చి గింజల కన్నా ఐదు రెట్ల దాకా పెరగవచ్చని అదే సంస్థ హెచ్చరిస్తుంది. ఇప్పుడు వాఫిల్ సంగతి ఆలోచించండి. పలక 200 డిగ్రీలు ఉంటే ఉండవచ్చు గాని, వాఫిల్ మధ్యభాగంలో తడి ఉన్నంతకాలం అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, అదీ కొద్ది నిమిషాల పాటే. అరగంట మరిగించిన దానికి ఇది ఏ విధంగానూ సాటి రాదు. తెల్ల రాజ్మాలో ఈ లెక్టిన్ ఎర్ర రాజ్మాలో ఉన్నదానిలో మూడో వంతే ఉన్నా, జాగ్రత్త దానికీ తప్పదు. డబ్బాలో వచ్చే గింజలు ముందే పూర్తిగా ఉడికించినవి కనుక వాటితో ఈ చిక్కు లేదు. చిల్లుల గిన్నెలో వేసి కడిగితే వాటిలోని ఉప్పులోనూ సుమారు 40 శాతం పోతుంది. శనగలకు ఈ లెక్టిన్ భయం అంతగా లేదు గాని, పచ్చివి రుబ్బి పోసినప్పుడు వాఫిల్‌లో పచ్చివాసన ఎంతకూ పోలేదు. అందుచేత ఏ గింజైనా ముందు మెత్తగా ఉడికించడమే నా పద్ధతి. తయారీదారు ఆ పుటను మార్చడమో, తీసేయడమో చేయాలి.

గింజల్లో నా మొదటి ఓటు కాబూలీ శనగలకే. వాటి వాఫిల్ అంచులు కరకరలాడతాయి, గళ్ళు పదునుగా తేలుతాయి, చల్లారినా వంగిపోదు. ఉడికించాక ఒక పొడిగుడ్డ మీద పావుగంట ఆరబెట్టి రుబ్బితే ఇంకా బాగుంటుంది. తొక్కలు తీయనక్కర్లేదు, ఆ పీచు కోసమే కదా ఈ శ్రమంతా. తెల్ల చిక్కుడు గింజలవి వెన్నలా మెత్తగా, దాదాపు ఏ వాసనా లేకుండా వస్తాయి. తేనె, పండ్ల ముక్కలతో తినేవారికి, గింజల రుచి అంటే ముఖం చిట్లించే పిల్లలకు ఇవే సరైనవి, అయితే ఓట్స్ మరో చెంచాడు పెంచాలి. ఎర్ర రాజ్మా వాఫిల్‌కు మట్టిరంగు, కాస్త మట్టివాసన ఉంటాయి. మిరియాలు, ఉల్లితరుగు, జీలకర్ర వేసి కారంగా చేస్తే ఆ వాసనే రుచిగా మారుతుంది, తీపికి మాత్రం పనికిరాదు. నల్ల చిక్కుడు గింజలతో చేసినప్పుడు ఎదురైన ఇబ్బంది వేరు: పిండే నల్లగా ఉండడం వల్ల వాఫిల్ ఎర్రబడిందో మాడిందో కంటికి తెలియదు. కోకో కలిపి చేయమని చాలామంది అంటారు, అప్పుడు మాడడం మరీ తెలియదు. మసూర్ పప్పుతో ఒక్కసారే చేశాను, బాగానే వచ్చింది, మళ్ళీ చేయాలనిపించలేదు.

పిండి చిక్కదనం విషయంలో మన గరిటెజారు అన్న మాటే సరైన కొలత. గరిటె వంచితే పిండి ముద్దగా పడకూడదు, నీళ్ళలా కారకూడదు, బద్ధకంగా జారాలి. ఈ చిక్కదనంతో ఉన్న పిండి మైదా పిండిలా పొంగి పైపలకను తాకదు. ఫలితంగా నా వాఫిల్స్ కింద బంగారు రంగులో, పైన పాలిపోయి వచ్చేవి. వాఫిల్ పెనం చరిత్ర కాస్త తిరగేస్తే దీనికి జవాబు అందులోనే ఉంది. అమెరికాలోని ట్రాయ్ పట్టణానికి చెందిన కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పేటెంట్ పొందిన పెనం పొయ్యి మీద పెట్టి తిరగేసేది; ఒక వైపు కాలాక పిడి పట్టుకుని తిప్పితే రెండో వైపు మంట మీదికి వచ్చేది, పిండి బరువుకు అదే ఆ పలకకు అతుక్కునేది. విద్యుత్తు వచ్చి రెండు పలకలూ వేడెక్కడం మొదలయ్యాక తిప్పే పని పోయింది. నా యంత్రం తిరగదు. అందుకని పిండి కొలతను ఒక చెంచా పెంచి, మూత మూశాక మొదటి అరనిమిషం పైనుంచి మెల్లగా అదిమి పట్టడం అలవాటు చేసుకున్నాను. రంగు చాలావరకు సరిపోయింది. గింజల వాఫిల్స్ కోసమే కొనేవారు తిరిగే రకాన్ని ఎంచుకుంటే ఈ అవస్థ ఉండదు, కానీ అవి వంటగదిలో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి.

నాన్‌స్టిక్ పూత ఎనిమిది వారాలకూ చెక్కుచెదరలేదు. దానికి నూనె రాయవలసిందే, కానీ డబ్బా నుంచి చిమ్మే నూనెలు వాడకండి. వాటిలో కలిపే లెసిథిన్ వేడికి జిగురుగా గట్టిపడి, పొరపొరలుగా పేరుకుని, చివరికి పూతే అంటుకునేలా చేస్తుంది. నా పాత యంత్రం అలాగే పాడైంది. కుంచెతో రెండు చుక్కల మామూలు నూనె పలకలకు రాస్తే చాలు, మరో రెండు చెంచాలు పిండిలోనే ఉన్నాయి కాబట్టి. తీయడానికి చెక్క అట్లకాడ, లేదా సిలికాన్‌ది. ఈ పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది కనుక మీటను 5 మీద పెట్టి ఖాళీగా వదిలేయడం మంచిది కాదు.

శుభ్రపరచడం దగ్గర యంత్రం నిరాశపరుస్తుంది. ఆ చుట్టూరా ఉన్న కాలువ పిండిని బాగానే పట్టుకుంటుంది, బల్ల మీద ఒక్క చుక్క పడదు. పట్టుకున్న పిండి మాత్రం అక్కడే కాలి రాయిలా బిగుస్తుంది. పలకలు ఊడివస్తే నీళ్ళలో నానబెట్టి కడుక్కునేవాళ్ళం. బిగించిన పలకలతో మిగిలిన దారి ఒక్కటే: గోరువెచ్చగా ఉండగానే నీళ్ళు పిండేసిన తడిగుడ్డను కాలువలో పరిచి, పది నిమిషాలు ఆగి తుడవాలి. పూర్తిగా చల్లారనిస్తే మైదా కన్నా గింజల పిండి మొండిగా పట్టుకుంటుంది.

గుడ్లు తిననివారి కోసం కూడా ప్రయత్నించాను. శనగలు ఉడికించిన చిక్కని నీటిని గుడ్డు తెల్లసొనలా నురగ కొట్టవచ్చని 2014లో ఫ్రెంచ్ గాయకుడు జోయెల్ రోసెల్ చూపించారు, మరుసటి ఏడాది అమెరికాకు చెందిన గూస్ వోల్ట్ దానికి అక్వాఫాబా అని పేరు పెట్టారు. ఒక్కో గుడ్డుకు బదులు మూడు టేబుల్ స్పూన్ల నీరు అన్నది వాడుకలో ఉన్న కొలత. ముందు బాగా నురగ కొట్టి, చివర్లో పిండిలో మెల్లగా కలిపితే వాఫిల్ తేలికగా, ఆశ్చర్యపరిచేంత కరకరగా వస్తుంది, కానీ తొమ్మిది నిమిషాలు ఉంచాలి, తీసేటప్పుడు విరుగుతుంది. ప్రొటీన్ కూడా వాఫిల్‌కు మూడు గ్రాములు తగ్గుతుంది, ఆ నీటిలో చెప్పుకోదగ్గంత ఉండదు.

పొద్దున్నే గింజలంటే కడుపుబ్బరం సంగతేమిటని ఇంట్లో మొదట ఎదురైన ప్రశ్న. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను అరిగించే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేకపోవడం, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టడం దీనికి కారణం. అవి నీటిలో కరుగుతాయి, కనుక నానబెట్టిన నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతాయి. మొదటి వారంలో ఒక్కో వాఫిల్‌తో సరిపెట్టుకుని ఆ తర్వాత రెండుకు పెంచాం, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గింజల్లోని ఇనుమును ఒంటికి బాగా పట్టించేది విటమిన్ సి. అందుకే కారం వాఫిల్ మీద నిమ్మరసం, తీపి వాఫిల్ పక్కన నారింజ తొనలు పెడుతున్నాను.

పనిరోజుల్లో ఎనిమిది నిమిషాల చొప్పున రెండేసి వాఫిల్స్ చేస్తూ నిలబడడం కుదరదు. నలుగురికి ఎనిమిది వాఫిల్స్ అంటే, మధ్యలో పలకలు వేడెక్కే వ్యవధితో కలిపి, నలభై నిమిషాలు. ఈ యంత్రం పెద్ద లోపం ఇదే. కాబట్టి సెలవు రోజున పన్నెండు చేసి, తీగల జల్లెడ మీద పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కోదాని మధ్య కాగితం పెట్టి ఫ్రీజర్‌లో దాస్తున్నాను. వేడివి పళ్ళెంలో ఒకదానిపై ఒకటి పేర్చితే తమ ఆవిరికి తామే మెత్తబడతాయి. టోస్టర్‌లో రెండు విడతలు పెడితే మొదటిరోజు కరకర తిరిగి వస్తుంది, మిగిలిన తడి కాస్త అక్కడ ఎగిరిపోవడం వల్ల కాబోలు ఇంకా బాగున్నాయని మా ఇంట్లో ఒకరి వాదన. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. పలకలు ఊడివచ్చేలా చేసి, ఆ పచ్చి గింజల వంటకాన్ని పుస్తకం నుంచి తొలగిస్తే నాలుగున్నర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.